పళ్ళెం మీది పరదా

రంజాను నెలలో పొద్దు గుంకేవేళ హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో ఒక ముచ్చట చూడవచ్చు. ఇఫ్తారుకు ఇంకా పావుగంట ఉంటుంది. ఒక్కొక్క ఇంటి తలుపే తెరుచుకుంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడో, పదేళ్ళ అమ్మాయో రెండు చేతులా ఒక పళ్ళెం పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి వస్తారు. పక్క నుంచి ఆటోలు పోతుంటాయి, సైకిళ్ళు పోతుంటాయి, మేకలు అడ్డం వస్తుంటాయి. పిల్లల చూపు మాత్రం పళ్ళెం మీదనే. అందులో ఖర్జూరాలుండవచ్చు, పండ్ల ముక్కలుండవచ్చు, దహీబడేలో మిరపకాయ బజ్జీలో ఉండవచ్చు. ఏమున్నదీ మనకు తెలియదు. ఎందుకంటే పళ్ళెం మీద రంగుగుడ్డ ఒకటి కప్పి ఉంటుంది. దాని అంచున జరీ మెరుస్తూ ఉంటుంది, పూసలు ఊగుతూ ఉంటాయి.

ఆ గుడ్డనే ఖాన్‌పోష్ అంటారు. ఖాన్ అంటే పెద్ద పళ్ళెం. పోష్ అంటే కప్పేది. ఫారసీ నుంచి వచ్చిన మాటలివి. ఇవేవో మనకు తెలియని మాటలనుకునేరు! దస్తర్‌ఖాన్ అనే మాట హైదరాబాదులో వినని వారుండరు. నేల మీద పరిచి, దాని చుట్టూ కూర్చుని భోజనం చేసే గుడ్డ అది. అందులో ఉన్నదీ ఈ ఖానే. ఇక ‘పోష్’ సంగతి. మీ తాతయ్యను అడగండి, చెప్పులను పాపోసులు అనేవారా అని. ‘పా’ అంటే పాదం. పాదాన్ని కప్పేది గనక పాపోసు. చూశారా, పళ్ళెం మీది గుడ్డకూ కాలికింది చెప్పుకూ చుట్టరికం కుదిరింది!

పళ్ళెం ఒక్క మసీదుకే పోదు. పక్కింటికి పోతుంది, ఎదురింటికి పోతుంది. ఆ ఎదురిల్లు తెలుగువారిది కావచ్చు. అప్పుడు ఇంటి పిల్ల ఏం చేస్తుంది? తెచ్చినవి గిన్నెలోకి తీసుకుని, పళ్ళెం కడిగి, వెంటనే తిరిగి ఇవ్వబోతుంది.

‘‘ఆగు బిడ్డా, ఖాళీ పళ్ళెం పంపుతరా?’’ అంటుంది నాయనమ్మ.

‘‘మరి ఏం పెట్టాలె నాయనమ్మా?’’

‘‘అల్మారాల సకినాలున్నయి గదా, నాలుగు పెట్టు. మీద ఆ గుడ్డే కప్పు. ఖాలాకు ఇచ్చి రా.’’

అలా ఒకే గుడ్డ పోయేటప్పుడు బజ్జీలను, వచ్చేటప్పుడు సకినాలను కాపాడుతుంది. గుడ్డ అందంగా ఉన్నకొద్దీ పళ్ళెం త్వరగా ఇల్లు చేరుతుందని కొందరి నమ్మకం. అంత మంచి గుడ్డను ఎవరు మాత్రం దగ్గర ఉంచేసుకుంటారు!

పళ్ళాలకు గుడ్డ కప్పడం చాలా పాత అలవాటు. అక్బరు పాదుషా (పాలన 1556 నుంచి 1605 వరకు) వంటశాల ఎట్లా నడిచేదో అబుల్ ఫజల్ ‘అయినే అక్బరీ’లో వర్ణించాడు. వంటశాల నుంచి బయలుదేరే బంగారు, వెండి పళ్ళాలను ఎర్రగుడ్డలో కట్టేవారట. రాగి పాత్రలకూ, పింగాణీకీ తెల్లగుడ్డ. మూట కట్టినాక వంటశాల అధికారి దాని మీద తన ముద్ర వేసి, లోపల ఏయే పదార్థాలున్నవో వ్రాసేవాడు. దారిలో ఎవరూ విషం కలపకుండా ఈ జాగ్రత్త. పాదుషా ముందుకు వచ్చేదాకా ఆ ముద్ర చెదరకూడదు. అంటే ఆ గుడ్డ పళ్ళెం మీద కావలివాడన్నమాట.

మన గోల్కొండ సీమ కూడా తక్కువ తినలేదు. 17వ శతాబ్దంలో ఇక్కడ కలంకారీ రుమాళ్ళు తయారయ్యేవి. నూలుగుడ్డ మీద కలంతో మనుషులను, పక్షులను, పూలతీగలను చిత్రించి, రంగులద్దేవారు. ఇవి ముక్కు తుడుచుకునే రుమాళ్ళు కావు. గొప్పవారికి కానుకలు పంపేటప్పుడు వాటి మీద కప్పే గుడ్డలు. అటువంటి వాటిలో కొన్ని ఇప్పుడు ఎక్కడున్నవో తెలుసా? న్యూయార్కు నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో! కానుకలేమైనవో ఎవరికీ తెలియదు. వాటి మీద కప్పిన గుడ్డలు మాత్రం మూడు వందల ఏళ్ళకు పైగా నిలిచి, సముద్రాలు దాటి, అద్దాల పెట్టెలలోకి చేరినవి.

పాదుషాలకు విషం భయం. మనకు ఆ భయం లేదు. మన శత్రువు చాలా చిన్నది. పొడవు 6, 7 మిల్లీమీటర్లు, రెక్కలు రెండు, కాళ్ళు ఆరు. పేరు ఈగ.

ఈగ రెక్కలు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. ఆ కదలికే మనకు జుయ్యిమని వినిపించేది. ఈగ వాలగానే తన కాళ్ళతో రుచి చూస్తుంది. అవును, కాళ్ళతోనే! తీపి తగిలిందా, వెంటనే తొండం చాపుతుంది. దానికి పళ్ళు లేవు. నమలలేదు. కాబట్టి గట్టి పదార్థం మీద కడుపులోని ద్రవాన్ని కక్కి, దానితో కరిగించి, ఆ పలచని రసాన్ని పీల్చుకుంటుంది. మీ జిలేబీ మీద ఈగ వాలిందంటే ఈ పని అంతా అక్కడ జరిగిపోయిందన్నమాట. అంతకు ముందు అది ఎక్కడ వాలిందో ఆలోచించండి. పేడ మీదనా? చెత్తకుప్ప మీదనా? మురికి కాలువ పక్కనా? ఈగ గుడ్లు పెట్టేది అటువంటి చోట్లనే. ఒక విడతకు వంద నుంచి నూట యాభై దాకా పెడుతుంది. వేడిగా ఉండే రోజులలో ఒక్క దినం లోపల గుడ్డు పగిలి పురుగు వస్తుంది. పది రోజులు తిరిగేసరికి ఆ పురుగు రెక్కలున్న ఈగ అవుతుంది. టైఫాయిడు, కలరా, రక్తవిరేచనాలు కలిగించే క్రిములు దాని కాళ్ళ నూగుకు అంటుకుని వస్తాయి, అది కక్కే ద్రవంలోనూ వస్తాయి.

ఇదంతా ఎవరు చూశారంటారా? 1898లో అమెరికాకూ స్పెయినుకూ యుద్ధం జరిగింది. అమెరికా సేనల శిబిరాలలో శత్రువుల గుండ్లకన్నా టైఫాయిడుకే ఎక్కువ మంది బలి అవుతుంటే, కారణం తెలుసుకోవడానికి వాల్టర్ రీడ్ అనే డాక్టరునూ మరి ఇద్దరినీ నియమించారు. శిబిరాలలోని మరుగుదొడ్డి గోతులలో సున్నం చల్లేవారు. భోజనాల డేరాలలో అన్నం మీద ఈగలు తిరుగుతున్నవి. వాటి కాళ్ళకు తెల్లగా సున్నం అంటి ఉన్నది! ఇక వేరే సాక్ష్యం ఎందుకు? గోతిలో నుంచి కంచంలోకి దారి తెలిసిపోయింది. భోజనశాలకు జాలీ తెరలు కట్టించుకున్న అధికారులలో జబ్బు తక్కువగా ఉన్నదని కూడా వారు గమనించారు. ఒట్టి జాలీ గుడ్డ చేసిన పని అది.

అంతకు ఒక ఏడాది ముందే, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అది ఈగ కథ కాదు, దోమ కథ. కాని పురుగులు మనుషులకు జబ్బులు మోసుకువస్తాయని లోకానికి తెలిసిన ఆ రోజులలో మన ఊరి పేరు కూడా వినిపించిందని చెప్పకుండా ఎట్లా ఉండేది?

ఇంకా వెనక్కు వెళితే, ఆహారం మీద కప్పిన గుడ్డే సైన్సులో ఒక పెద్ద తగవు తీర్చిన కథ ఉన్నది. పూర్వం ఐరోపాలో చాలా మంది కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయని నమ్మేవారు. ఇటలీలో ఫ్రాన్చెస్కో రెడీ అనే వైద్యుడికి ఈ మాట నచ్చలేదు. కొన్ని పాత్రలలో మాంసం పెట్టి, కొన్నిటికి మూత బిగించాడు, కొన్నిటిని తెరిచి ఉంచాడు. తెరిచిన వాటిలో పురుగులు పడ్డాయి, మూసిన వాటిలో పడలేదు. ‘‘మూస్తే గాలి తగలదు గదా, అందుకే పుట్టలేదు!’’ అనడానికి వీలున్నది. అందుకని రెడీ ఏం చేశాడనుకున్నారు? నేపుల్స్‌లో నేసే సన్నని జాలీగుడ్డ తెచ్చి పాత్ర మూతికి కట్టాడు. గాలి పోతుంది, ఈగ పోలేదు. అంతటితో ఊరుకోక, ఆ పాత్రను అదే గుడ్డ కట్టిన చట్రం ఒకదానిలో పెట్టాడు. లోపలి మాంసంలో ఒక్క పురుగైనా పుట్టలేదు. బయటి గుడ్డ మీద మాత్రం పురుగులు మెసులుతూ కనిపించాయి! ఈగలు వాసన పట్టి వచ్చి, లోపలికి దారిలేక, గుడ్డ మీదనే వదిలిపోయినవన్నమాట. ఈ సంగతులన్నీ రెడీ 1668లో పుస్తకంగా ప్రకటించాడు.

రెడీ రెండో గుడ్డ ఎందుకు కట్టాడో బాగా గుర్తుంచుకోండి. మన ఖాన్‌పోష్‌లో అసలు కీలకం అక్కడే ఉన్నది. గుడ్డ అన్నానికి ఆనుకుని ఉంటే, గుడ్డ మీద వాలిన ఈగ అన్నం మీద వాలినట్టే. పలచని గుడ్డ కన్నాలలో నుంచి దాని తొండమూ దిగుతుంది, అది కక్కిన తడీ దిగుతుంది. ఆహారానికీ గుడ్డకూ నడుమ జానెడు కాకపోయినా, రెండు మూడు వేళ్ళ ఎడమైనా ఉండాలి. బజారులో దొరికే గొడుగులాంటి జాలీ మూతలలో ఈ సుగుణం ఉన్నది, అందం లేదు. గాలి వీస్తే అవి గొడుగులాగానే ఎగిరిపోతాయి కూడా. మనం కుట్టబోయే దానికి అందమూ ఉంటుంది, ఎడమూ ఉంటుంది, బరువూ ఉంటుంది.

ముందు రెండు ప్రయోగాలు చేద్దాం. రెండింటికీ ఖర్చు లేదు.

రెండు గ్లాసులలో వేడినీళ్ళు పోయించండి. ఈ పని అమ్మ చేయాలి, మీరు కాదు. ఒక దాని మీద స్టీలు పళ్ళెం మూత పెట్టండి, రెండో దాని మీద పలచని నూలుగుడ్డ కప్పండి. పది నిమిషాల తరువాత రెండూ తీసి చూడండి. స్టీలు మూత అడుగున నీటిబొట్లు వేలాడుతూ ఉంటాయి. గుడ్డ కొంచెం చెమ్మగిల్లుతుందే గాని బొట్లు కారవు. ఆవిరి చల్లని లోహం తగలగానే నీరైపోతుంది. గుడ్డలో అయితే చాలా వరకు కన్నాలలో నుంచి బయటికి పోతుంది, మిగిలింది నూలు పీల్చుకుంటుంది. కరకరలాడే బజ్జీల మీద స్టీలు మూత పెడితే ఎందుకు మెత్తబడతాయో ఇప్పుడు తెలిసిందా? నాలుక లేనివాడు తప్ప ఎవడూ బజ్జీల మీద బిగుతు మూత పెట్టడు!

రెండో ప్రయోగానికి ఒక గిన్నె, ఒక చేతిరుమాలు, నాలుగు చింతగింజలు చాలు. రుమాలును గిన్నె మీద కప్పి, పక్క నుంచి గట్టిగా ఊదండి. అంచు లేస్తుంది, లేచిన అంచు కింద గాలి దూరుతుంది, తెరచాపలాగా రుమాలు ఉబ్బి పక్కకు పోతుంది. ఇప్పుడు నాలుగు మూలలా నాలుగు చింతగింజలు మూట కట్టి మళ్ళీ ఊదండి. అంచు లేవడం కష్టమవుతుంది. గాలికి లోపలికి పోయే దారి దొరకదు. బరువు గుడ్డ మధ్యలో ఉంటే ఈ పని జరగదు, అంచుననే ఉండాలి. ఖాన్‌పోష్ అంచున పూసలు వేలాడేది సొగసు కోసమేనని ఎవరైనా అంటే మీరు ఒప్పుకోకండి.

ఇక కుట్టుపనికి వద్దాం. ఆడపిల్లలే చేయాలని లేదు. చార్‌మినారు దగ్గర జరీ పని చేసే కార్ఖానాలలో చూడండి, కార్‌చోబ్ ముందు కూర్చుని సూది నడిపేవారిలో ఎందరో మగవారే. కార్‌చోబ్ అంటే కర్ర చట్రం. దాని మీద గుడ్డను డోలు చర్మంలాగా బిగించి కట్టి, నలుగురూ చుట్టూ కూర్చుని కుడతారు. మన ఆడవాళ్ళు మగ్గం వర్కు అని పిలిచేది ఈ పనినే. చుట్టలు చుట్టుకున్న సన్నని తీగ సల్మా, మిలమిలలాడే చిన్న బిళ్ళలు సితారా. సాంచక్ అనే వేడుకలో పెళ్ళికొడుకు ఇంటి నుంచి పెళ్ళికూతురికి పళ్ళాలలో బట్టలూ సామానులూ వెళతాయి. అటువంటి పళ్ళాల మీద కప్పడానికి మఖమలు మీద సల్మా సితారా కుట్టిన గుడ్డలు ఎంతో అందంగా ఉంటాయి. మనకు మాత్రం అవి పనికిరావు. మఖమలును ఉతకలేం. ఉతకలేని గుడ్డను అన్నం మీద కప్పకూడదు.

కాబట్టి నూలుగుడ్డ తెచ్చుకోండి. 36 అంగుళాల పన్నా అయితే ముప్పావు గజం చాలు. పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద, మదీనా వైపు దుకాణాలలో కావలసినన్ని రంగులు దొరుకుతాయి. లేత రంగు మంచిది, మురికి కనిపిస్తుంది. మురికిని దాచే రంగు మనకు శత్రువు సుమా! దానితోపాటు పావు గజం తెల్లని నెట్టుగుడ్డ, అంటే దోమతెరకు వాడేది. కన్నాలు రెండు మిల్లీమీటర్ల కన్నా పెద్దవి కాకూడదు. చార్‌మినారుకు పడమరగా లాడ్‌బజారు ఉన్నది గదా, గాజుల వీధి. అక్కడ రెండు గజాల గోటా, 31 పూసలు తీసుకోండి. పూసలు గాజువైతే బరువుంటుంది. తేలికపాటి ప్లాస్టిక్ పూసలు ఈ పనికి చాలవు.

గుడ్డ తేగానే కుట్టవద్దు. మొదట నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆరవేయండి. కొత్త నూలుగుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది. ముందు కుట్టి తరువాత ఉతికితే గుడ్డ ముడుచుకుని, గోటా ముడుచుకోక, అంచంతా వంకరలు పోతుంది. ఆ నానిన గుడ్డను తెల్లని పాతగుడ్డకు అద్ది చూడండి. రంగు అంటిందా, ఆ గుడ్డ అన్నం మీదికి వద్దు.

తరువాత లెక్క. మన పళ్ళెం అడ్డంగా 12 అంగుళాలు అనుకుందాం. ఎడం కోసం ఒక గుమ్మటం కావాలి. సన్నని వెదురు బద్దను పళ్ళెం అంచుకు సరిపోయే చక్రంగా కట్టి, ఇంకో రెండు బద్దలను విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా వచ్చేటట్టు ఆ చక్రానికి బిగించాలి. మధ్య ఎత్తు నాలుగంగుళాలు ఉంటే చాలు. వెదురు చీలికలు చేతికి గుచ్చుకుంటాయి గనక ఇది నాన్నగారి పని. అది దొరకకపోతే చిన్న వెదురుబుట్టను బోర్లించినా సరే. ఇప్పుడు దారం ఒకటి తీసుకుని గుమ్మటం ఈ చివర నుంచి, శిఖరం మీదుగా, ఆ చివరకు కొలవండి. 12 వస్తుందనుకుంటున్నారా? రాదు. 15 అంగుళాల పైచిలుకు వస్తుంది. కొండ ఎక్కి దిగే దారి, కొండ కింది సొరంగం కన్నా పొడవు కాదా మరి! దానికి రెండు పక్కలా వేలాడడానికి రెండేసి అంగుళాల పైన కలిపితే సుమారు 20. అంటే 10 అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీయాలి. మడిచి కుట్టడానికి ఇంకో అరంగుళం.

గుడ్డను నాలుగు మడతలు పెట్టండి. మడతలు కలిసిన మూలే వృత్తానికి కేంద్రం. దారానికి ఒక చివర సుద్దముక్క కట్టి, రెండో చివరను ఆ మూల మీద వేలితో గట్టిగా అదిమి, పదిన్నర అంగుళాల దూరంలో సుద్దను తిప్పండి. పావు వృత్తం వస్తుంది. దాని వెంట కత్తిరించి మడత విప్పితే నిండు చందమామ!

ఇక్కడ ఒక చిక్కున్నది. మీ రుమాలు తీసి పడుగు వెంట లాగండి, సాగదు. పేక వెంట లాగండి, అంతగా సాగదు. మూల నుంచి మూలకు ఏటవాలుగా లాగండి, బాగా సాగుతుంది. వృత్తానికి అంచంతా ఒక తీరుగా ఉండదు. నాలుగు చోట్ల పడుగూ పేకా సూటిగా వస్తాయి, వాటి నడుమ నాలుగు చోట్ల ఏటవాలు వస్తుంది. లాగి లాగి కుట్టారంటే ఆ నాలుగు చోట్లా అంచు అలలు అలలుగా తయారవుతుంది. అందుకని అంచును అరంగుళం మడిచి, మొదట పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోండి. అప్పుడు గుడ్డను బల్ల మీద పరిచి, చేతిలోకి ఎత్తకుండా, లాగకుండా హెమ్మింగు చేయండి. తరువాత కచ్చా దారం లాగేయవచ్చు. మధ్యవేలికి అంగుస్తానా తొడుక్కుంటే సూది గుచ్చుకోదు. మొదలుపెట్టేటప్పుడు సూదులెన్ని, గుండుసూదులెన్ని అని లెక్కపెట్టుకుని, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్కటి తక్కువైనా దొరికేదాకా లేవకూడదు. ఇది అన్నం మీద కప్పే గుడ్డ.

మధ్య కిటికీ సంగతి చూద్దాం. నెట్టుగుడ్డ నుంచి అడ్డంగా 9 అంగుళాలుండే వృత్తం కత్తిరించండి. పావు గజంలో సరిగ్గా అదే వస్తుంది. దీని అంచు పీచులు రాదు గనక మడవనక్కరలేదు. పెద్దగుడ్డ అడుగున, కేంద్రం మీద కేంద్రం వచ్చేటట్టు ఉంచి గుండుసూదులు పెట్టండి. పైగుడ్డ మీద మూడున్నర అంగుళాల వ్యాసార్ధంతో సుద్దగీత గీయండి. ఆ గీతకు అరంగుళం లోపలగా పైగుడ్డను మాత్రమే కత్తిరించాలి, కింది నెట్టు తెగకూడదు. మిగిలిన అరంగుళం అంచుకు అక్కడక్కడ చిన్న గాట్లు పెట్టి, దాన్ని నెట్టుకూ గుడ్డకూ నడుమకు మడిచి, గీత వెంట చుట్టూ కుట్టండి. నెట్టు చివర వెంట ఇంకో వరుస కుట్టు వేస్తే ఊడదు. ఆవిరి పోయే కిటికీ తయారైంది. వేడి బజ్జీలు మెత్తబడవు, ఈగకు వాసనే గాని రుచి అందదు.

గోటా ఎంత కావాలి? వృత్తం చుట్టుకొలత వ్యాసానికి 22/7 రెట్లు. 20ని 22తో గుణించి 7తో భాగిస్తే 63కు కొంచెం తక్కువ. గజానికి 36 అంగుళాలు గనక 63 అంగుళాలంటే ఒకటిముప్పావు గజం. రెండు గజాలు ఎందుకు తెచ్చామో తెలిసింది గదా, కొస మీద కొస వేసి కుట్టడానికి, ఒకటి రెండు తప్పులకూ! పూసలు రెండంగుళాలకొకటి చొప్పున 31 పడతాయి. ఒక్కొక్క పూసకూ విడివిడిగా దారం తెంపి ముడి వేయండి. ఒకే దారాన అన్నీ గుచ్చితే, ఒకచోట తెగినప్పుడు అన్నీ రాలతాయి. చిన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వాటిని నోట్లో పెట్టుకుంటారు. సితారా బిళ్ళలు కుట్టాలని సరదా ఉంటే పళ్ళెం అంచు దాటి వేలాడే రెండంగుళాలలోనే కుట్టండి. పళ్ళెం నడుమ కుడితే, ఊడిన బిళ్ళ పెరుగులో తేలుతుంది.

రంజాను చాంద్రమానం ప్రకారం వస్తుంది. చంద్రుడి సంవత్సరం 354 రోజులే గనక మన క్యాలెండరులో పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందువల్ల ఒకప్పుడు చలికాలంలో, ఒకప్పుడు ఎండలలో, ఒకప్పుడు ఈగలు ముసిరే వానకాలంలో వస్తుంది. మక్కా మసీదు ఆవరణలో దస్తర్‌ఖాన్‌లు పరిచి వందలమంది ఆరుబయట ఇఫ్తారు చేసేది ఏ ఋతువులోనైనా ఒక్కటే. లాల్‌దర్వాజాలో బోనాలు మాత్రం ఎప్పుడూ ఆషాఢంలోనే, అంటే సరిగ్గా వానలలోనే. ఆ రోజు చుట్టాలకు వాకిట్లో పెట్టే గారెలకు, పరమాన్నానికి కూడా ఈ గుడ్డ అక్కరకు వస్తుంది.

అయితే ఈ గుడ్డ ఈగలను, దుమ్మును ఆపుతుందే గాని, అన్నంలో అప్పటికే ఉన్న క్రిములను ఏమీ చేయలేదు. వండిన పదార్థం వేడి తగ్గినాక రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. మండుటెండలలో అయితే ఒక్క గంటే. అంత అందమైన గుడ్డ కప్పాం గదా అని మధ్యాహ్నం హలీమును రాత్రి దాకా వాకిట్లో ఉంచితే ఆసుపత్రి దారి పట్టవలసిందే. చీమలనూ ఈ గుడ్డ ఆపదు, అవి కింద నుంచి వస్తాయి. పళ్ళెం కంటె పెద్ద తాంబాళంలో కొంచెం నీళ్ళు పోసి, నడుమ పళ్ళెం పెట్టండి. ఇది మీ అమ్మమ్మకు ఎప్పుడో తెలుసు.

వాడిన ప్రతిసారీ గుడ్డను సబ్బుతో ఉతకాలి. ఈగ వాలేది దాని మీదనే గదా. గోటా ఉన్న అంచును మెలితిప్పి పిండవద్దు, జరీ విరుగుతుంది. గుడ్డను రెండు అరచేతుల మధ్య అదిమి నీరు తీసి, తిరగవేసి, ఎండలో ఆరవేయండి. వెదురు గుమ్మటాన్ని కూడా ఎండబెట్టండి, లేకపోతే బూజు పడుతుంది.

ఒక పళ్ళేనికి కుట్టినాక ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, పెద్ద సీనికి కూడా ఒకటి కుట్టిపెట్టమంటారు. సీని అడ్డంగా 16 అంగుళాలు. దాని గుమ్మటం మీదుగా దారంతో కొలిస్తే పద్దెనిమిదిన్నర వచ్చింది. రెండు పక్కలా రెండుముప్పావు అంగుళాల చొప్పున వేలాడాలి. లాడ్‌బజారు దుకాణదారు గోటా చుట్ట విప్పి, గజంకర్ర చేతబట్టి అడుగుతున్నాడు: రెండు గజాలు చాలుతుందా, ఇంకా కావాలా?